నా గొంతుతో అడిగిన మాటలు

శుద్ధ తదియ

ఈ రోజు సముద్రం పాటు బాగా తీసింది. నాచు పెంచే తాళ్ళన్నీ నీళ్ళపైకి తేలాయి. నాచు కోసి, కడిగి, పందిరి మీద ఆరేసి వచ్చేసరికి వేళ్ళ సందులు ఉప్పుకు పగిలి మండుతున్నాయి. పొయ్యి రాజేసి గంజి పెట్టాను.

ఇది కాగితం మీద రాస్తున్నాను. నాలుగో తరగతి దాకా చదివాను, తర్వాత బడి పడవ రావడం మానేసింది. అక్షరాలు మెల్లగా వస్తాయి. రానీ. కాగితం తిరిగి ఏమీ అడగదు.

మా వరసలో ఇళ్ళన్నీ సముద్రంలో తేలే బల్లల మీదే ఉంటాయి. నాచూ కంపెనీదే, బల్లలూ కంపెనీవే, ప్రతి ఇంట్లో గోడకున్న పలుకుపెట్టె కూడా కంపెనీదే. ఏది కావాలన్నా దాన్నే అడగాలి. అవతల మెట్ట నేల మీద ఉన్న వైద్యుల పేజీలు, ధరల పేజీలు, వాన కబుర్లు అన్నీ తెచ్చి చదివి వినిపిస్తుంది. మిగతా ఇళ్ళలో అది వసారాలో ఉంటుంది. పని లేని మగవాళ్ళంతా దాని ముందే కూర్చుంటారు. మా ఆయన దానయ్య మాత్రం వసారాలో ఉప్పుగాలి కొడుతోందని మా పెట్టెను వంటింట్లోకి మార్చాడు.

అప్పటి నుంచీ ఆడవాళ్ళు మా వంటింటికి వస్తున్నారు. దీపాలు పెట్టాక పెరుగు తోడు ఇవ్వకూడదు కాబట్టి, పొద్దు ఉండగానే గిన్నె పట్టుకుని తోడుకని వస్తారు. గిన్నె పక్కన పెట్టి నా చెవిలో చెబుతారు. ఒకామెకు రొమ్ములో గడ్డ. ఒకామె కూతురు పెద్దదయినా పక్క తడుపుతుంది. ఒకామెకు గర్భసంచి జారింది, బరువెత్తితే చాలు కిందికి వస్తుంది. మా పెట్టె మా ఇంటి గొంతులకే పలుకుతుంది. అందుకని వాళ్ళు చెప్పింది నేను పైకి అడుగుతాను.

మొదట్లో "మా పక్కింటామెకు" అని అడిగేదాన్ని. ఆమె పేరేమిటి, ఏ ఇల్లు అని తిరిగి అడిగేది. చెప్పనిదే పేజీ తెరిచేది కాదు. "నాకు" అని అడిగితే వెంటనే తెరిచేది. ఇక అందరివీ నాకే అన్నాను.

నలుగురిలో నోరెత్తని దాన్ని. వరస మొత్తానికి నోరు నాదే అయింది.

శుద్ధ షష్ఠి

పొద్దున దానయ్య లంగరు తాళ్ళు సరిచేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అత్త ఎండుచేపలు ఏరుతోంది. దానయ్య చేతి కడియం మోగింది. ఈ కడియాలు కంపెనీ మగవాళ్ళకే ఇస్తుంది, ఇంటి పెద్దలని. అది పైకే చదివింది.

"దానయ్య గారికి నమస్కారం. మీ ఇంటి సభ్యురాలు ముత్యాలు ఇల్లు విడిచి వెళ్ళే ఆలోచనలో ఉన్నట్టు మాకు తెలిసింది. మీ కుటుంబ క్షేమం కోసం మా మనిషి వచ్చి మాట్లాడతారు."

దానయ్య చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నీళ్ళు కారిపోతున్నాయి.

అత్త చేటను కింద పెట్టింది. "ఏటే, మా ఇంట్లో నీకేటి తక్కువైనాది? నా కొడుకు నిన్ను గుండెల్లో పెట్టుకుని సూసుకుంతన్నాడు కదే!"

"అత్తా, నానెక్కడికీ ఎల్లను."

"మరి అదేటి కూసింది?"

నాకు అప్పటికే తెలిసిపోయింది, అది ఏ మాట పట్టుకుని కూసిందో. చెప్పడానికి నోరు తెరిచాను. మూసుకున్నాను. కంపెనీ పెట్టె పేజీలు తెచ్చి ఇస్తుందనే అనుకున్నాను. ఎవరు ఏ పేజీ అడిగారో పట్టుకుని కూర్చుంటుందని, అది మోసుకెళ్ళి మగవాళ్ళ చేతులకు కడుతుందని నాకెవరు చెప్పారు?

శుద్ధ సప్తమి

కంపెనీ మనిషి వచ్చాడు. పేరు విఖ్యాత్. వయసులో నాకంటే చిన్నవాడేమో. చేతులు మెత్తగా ఉన్నాయి. గడప దాటి లోపలికి వచ్చి, "కూర్చోండమ్మా, భయపడకండి" అన్నాడు. మా ఇంట్లో మమ్మల్నే కూర్చోమన్నాడు.

"ముందు ఇది వినండి" అని పెట్టె మీద చెయ్యి వేశాడు.

నా గొంతు వినిపించింది.

"మా ఆయన కొడతన్నాడు. ఎడం సెవి ఇనబడతం లేదు. మెట్ట మీద ఆడోళ్ళకి నీడ ఇచ్చే ఇల్లు ఎక్కడుంది? పడవ దిగినాక ఎటు ఎల్లాలి?"

అంత స్పష్టంగా నా గొంతును నేను ఎప్పుడూ వినలేదు. దానయ్య నా వైపు చూశాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మనిషి నా మీద చెయ్యెత్తలేదు. ఆ చూపు చూసేకంటే రెండు దెబ్బలు కొడితే నయమనిపించింది.

"నానెప్పుడు కొట్టినానే?"

"కొట్టలేదు."

"ఆ గొంతు నీది కాదేటి?"

"నాదే."

అత్త తల కొట్టుకుంది. విఖ్యాత్ మాత్రం వాన కబురు చదివినట్టు చెప్పుకుపోయాడు. ఈ ఇళ్ళు జంటలకిచ్చినవట. జంట విడిపోతే నాచు కోత ఆగిపోతుందట. అందుకని ఎవరైనా వెళ్ళే ఆలోచనలో ఉంటే ముందే ఇంటి పెద్దకు చెప్పడం నిబంధనట.

"ఇందులో రెండు దారులున్నాయమ్మా. మాటలు మీవేనని వరస కూటమిలో ఒప్పుకోండి. అప్పుడు ఈ గొంతు చెరిపేస్తాం. ఏ ఊరి పేజీ ఎన్నిసార్లు తెరిచారో ఆ లెక్కొకటే ఉంటుంది, అది వరస మొత్తం మీద కలిసిపోతుంది. మెట్టకు వెళ్ళే మీ పడవ చీటీ ఏడాది ఆగుతుంది. మీరు ఏ పేజీ అడిగినా దానయ్య గారి కడియం మోగుతుంది."

"రెండోది?" దానయ్య అడిగాడు.

"మీవి కావంటే ఎవరివో చెప్పాలి. కూటమిలో గొంతు వినిపిస్తాం. అందరూ విని తేలుస్తారు."

కూటమి పెద్ద కోదండం. ఎడమ చెవి పోయింది కోదండం భార్య రాజులమ్మకు. ఆమెను నేను అప్ప అంటాను. ఆ మాట కూటమిలో వినిపిస్తే కోదండానికి తెలియడానికి రెప్పపాటు చాలు.

శుద్ధ దశమి

తోడుకు ఎవరూ రావడం లేదు. నీళ్ళ కుళాయి దగ్గర నన్ను చూసి పక్కకు తప్పుకుంటున్నారు. ఎవరి మాట ఎప్పుడు బయటపడుతుందోనని వాళ్ళ భయం. గడ్డ ఉన్నామె అయితే నా ముఖం మీదే అంది: "నీ ఇంట్లో సెప్పుకుంటే ఊరికి సెప్పుకున్నట్టే కాదేటే?"

ఏమనను? నాకు ఎంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. కంపెనీ చేసిన పనికి మేమూ మేమూ ముఖాలు తిప్పుకుంటున్నాం. కంపెనీ వాడు మాత్రం తెల్ల చొక్కా వేసుకుని బల్లల మీద పచార్లు చేస్తున్నాడు. అందరూ నమస్కారం పెడుతున్నారు.

రాజులప్ప ఒక్కతే వచ్చింది. ఖాళీ గిన్నె పట్టుకుని. పెట్టెకు దూరంగా, పెరటి బల్ల చివర నిలబడి నా చెయ్యి పట్టుకుంది.

"సెప్పీయే ముత్యాలూ. నాదని సెప్పీ. నీ మొగుడు బంగారం నాంటోడు. ఆడి పేరు నా వల్ల పాడవనీకు."

"సెప్తే నిన్ను బతకనిస్తాడేటి?"

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె చెంప మీద కొత్త వాపు ఉంది.

"పున్నమికి పడవ వస్తాది అప్పా. పళ్ళనొప్పని సెప్పి ఎక్కీ. మరింక రాకు."

"నువ్వు?"

"నా సంగతి నాను సూసుకుంటాను." అనేశాను. ఎలా చూసుకుంటానో నాకు తెలియదు.

శుద్ధ ద్వాదశి

దానయ్యా నేనూ తెప్ప మీద కొత్త తాళ్ళు కడుతున్నాం. అయిదు రోజులుగా ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. తాడు ముడి బిగిస్తూ ఉన్నట్టుండి అన్నాడు.

"కోదండం అన్న పిలిస్తే ఆవిడ కుడిపక్కకే తిరుగుతాది."

నేను తాడు వదిలేశాను.

"వరసంతా సూస్తన్నదే. నానూ సూసినాను. ఏదో పుట్టు లోపం అనుకున్నాను." ముడి మీంచి తలెత్తాడు. "ఆవిడిదేనా?"

"నాను ఎవురిదీ అన్లేదు."

"అనకు. అడగను." నీళ్ళలోకి ఉమ్మాడు. "కానీ నువ్వు ఒప్పుకుంటే నాను పెళ్ళాన్ని కొట్టినోడినైపోతాను. మా అమ్మ కూడా అలగే సూస్తన్నాది నన్ను."

"అయిపోతావు మావా."

"ఆ కోదండం ముందర!"

"ఆడి ముందరే."

అతను నవ్వాడు. ఏడుపు కంటే హీనంగా ఉంది ఆ నవ్వు. తర్వాత తాడు అందుకుని, "పట్టు, జారిపోతన్నాది" అన్నాడు. ఔనని అనలేదు, కాదని అనలేదు. ముడి మాత్రం నేను విప్పలేనంత గట్టిగా వేశాడు.

నాకు రాత్రీ పగలూ ఒకటే కోపం. ఒకర్ని కాపాడాలంటే ఇంకొకరికి మసి పూయాలి. రెండూ నా చేతులతోనే చెయ్యాలి. ఈ మెలిక వేసినవాడికి మాత్రం మచ్చ కూడా అంటదు.

శుద్ధ త్రయోదశి

కూటమి పెద్ద బల్ల మీద జరిగింది. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక. నన్నూ దానయ్యనూ మధ్యలో నిలబెట్టారు. కోదండం పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. తెల్ల పంచె, నుదుటి మీద బొట్టు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఏరా దానయ్యా, ఆడకూతురి మీద సెయ్యి సేసుకుంటావేటిరా? సిగ్గు లేదూ? ఇంటి ఆడది కంట తడి పెడితే ఇల్లు నిలుస్తాదేటిరా?"

మగవాళ్ళు తలలాడించారు. దానయ్య పిడికిళ్ళు బిగించాడు. వేళ్ళు తెల్లబడ్డాయి. నోరు విప్పితే ఏమంటాడోనని భయపడ్డాను. విప్పలేదు. కోదండం ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు, అంతే. వెనక వరసలో రాజులప్ప కొంగు నోట్లో కుక్కుకుంది.

"మాటలు మీవేనా అమ్మా?" విఖ్యాత్ అడిగాడు.

"నావే."

"అన్నీనా?"

"అన్నీ నావే. నా గొంతే కదా."

"సంతోషం. అయితే కేసు మూసేస్తాం." అక్కడి పలుకుపెట్టె నొక్కాడు. అది ఒకసారి కిర్రుమని ఊరుకుంది. గొంతు చెరిగిపోయిందన్నాడు.

నేను వెనక్కి వెళ్ళి ఆడవాళ్ళలో కూర్చోవాలి. వెళ్ళలేదు. అంతమందిలో నేను ఎన్నడూ మాట్లాడలేదు. నా నోరు దానంతట అదే తెరుచుకున్నట్టుంది.

"బావూ, ఒక్క మాట. నన్ను నా మొగుడు కొడతన్నాడని మీరు నమ్మినారు కదా?"

"మీరే చెప్పారు కదమ్మా."

"ఎంతలా కొడతన్నాడో కూడా ఇన్నారు. పారిపోడానికి దారి అడిగినాననీ తెలుసు."

"అవును."

"అన్నీ తెలిసి, ఎవుడు కొడతన్నాడో ఆడికే ఎల్లి సెప్పినారు. నీ పెళ్ళాం పారిపోతాది, పట్టుకో అని. ఈయన ఆ రోజు సెయ్యి ఆపుకున్నాడు కాబట్టి నాను బతికున్నాను. ఆపుకోలేనోడైతే? ఈ పాటికి నాచు తాళ్ళకి నా శవం ఏలాడేది. అప్పుడు ఏ కడియానికి కబురు పంపేవోరు?"

 విఖ్యాత్ ముఖం ఎర్రబడింది. "అది నిబంధనమ్మా. మీ మంచి కోసమే."

"నా మంచి నన్నడగలేదు. నా మాటలు మోసుకెల్లడానికీ అడగలేదు."

"సాల్లేవే, కూకో!" కోదండం అరిచాడు. "ఆడదానికి ఇంత నోరైతే ఎవుడైనా కొడతాడు మరి."

కొందరు నవ్వారు. నేను కూర్చున్నాను. తల మాత్రం దించలేదు. 

పౌర్ణమి

పున్నమి పోటుకు పడవ వచ్చింది. పోటు తగ్గేదాకా రోజూ తిరుగుతుంది. నేను రేవు మెట్టు దగ్గరకు వెళ్ళగానే గేటు ఎర్రగా వెలిగి మూసుకుంది. నా చీటీ ఆపేశారు కదా. పక్కకు జరిగి ఆరిన నాచు మూటలు కడుతున్నట్టు నిలబడ్డాను.

రాజులప్ప దవడకు గుడ్డ కట్టుకుని వచ్చింది. చేతిలో ఎండుచేపల బుట్ట. ఆమెకు గేటు పచ్చగా వెలిగింది. వాళ్ళ పెట్టెను ఆమె ఎప్పుడూ ఏదీ అడగలేదు, కంపెనీ దృష్టిలో ఆమె అంత బుద్ధిమంతురాలు మరొకరు లేరు. కోదండమే చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించాడు.

"పన్ను పీకించుకుని రేపటి పడవకి వచ్చీ. ఇంట్లో వొంట ఆగిపోద్ది" అన్నాడు.

ఆమె తలూపింది. నా వైపు చూడలేదు. చూడకూడదని నేనే చెప్పాను.

బహుళ తదియ

ఆమె రాలేదు. మర్నాటి పడవలోనూ రాలేదు. కోదండం వరసంతా తిరిగి అరిచాడు. తర్వాత కంపెనీ ఆఫీసుకు వెళ్ళాడు. సాయంత్రం దానయ్య కబురు తెచ్చాడు.

"ఆళ్ళ పెట్టెలో ఏటీ దొరకలేదంట. అప్పుడు ఆ విఖ్యాతు అన్నాడంట, వరస మొత్తం మీద ఏ ఊరి పేజీ ఎక్కువసార్లు తెరిసినారో లెక్కుంది, అమాస నాడు తీసి సెప్తాను, కూటమి పెద్దవి కాబట్టి నీకు అడిగే హక్కుంది అని."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. అప్ప కోసం ఆ ఊరి పేజీని మళ్ళీ మళ్ళీ తెరిపించాను. దారి కంఠతా వచ్చేదాకా చదివించాను. వరసలో ఇంకే ఊరినీ ఎవరూ అన్నిసార్లు అడిగి ఉండరు. ఆ ఊరి పేరు ఇక్కడా రాయను.

గొంతు చెరిపేశామన్నారు. ఊరు మాత్రం ఉంచుకున్నారు. ఉంచుకున్నది ఎవడి చేతిలో పెడుతున్నారో చూడండి.

"దానికేటి మందు?" దానయ్య అడిగాడు.

ఉప్పెక్కువైన పులుసుకు ఏం చేస్తాం? ఉప్పు తీయలేం. నీళ్ళు పోస్తాం.

బహుళ పంచమి

ఇంటింటికీ వెళ్ళాను. మగవాళ్ళు కోతకు పోయిన వేళ చూసి వెళ్ళాను. పెట్టెకు వినబడకుండా పెరటి వైపు పిలిచి చెప్పాను. ఎవరి మాటా బయట పెట్టలేదు, రాజులప్ప పేరూ ఎత్తలేదు. "మీ పెట్టె ముందర కూకుని, మెట్ట మీద ఆడోళ్ళకి నీడ ఎక్కడుందని అడగండి. మనిసికో ఊరు. నోటికొచ్చిన ఊరు. మళ్ళీ మళ్ళీ అడగండి."

"మా ఆయన కడియం మోగదేటే?"

"మోగుద్ది."

"సంపేస్తాడు!"

"అందరివీ ఒక్కసారే మోగితే ఎవుడు ఎవుర్ని సంపుతాడు?"

కొందరు తలుపు వేసుకున్నారు. గడ్డ ఉన్నామె చాలాసేపు నా ముఖంలోకి చూసింది. "నువ్వు ఆ రోజు కూటమిలో నా గడ్డ కూడా నీదేనన్నావు కదే" అంది. అప్పుడు గుర్తొచ్చింది, అన్నీ నావేనన్నప్పుడు అదీ అందులో ఉంది. "పద, ఏ ఊరు అడగమంటావ్?" అంది.

మా ఇంట్లో నేను ఆ రోజంతా అడుగుతూనే ఉన్నాను. అడిగినప్పుడల్లా తెప్ప మీద దానయ్య కడియం మోగుతూనే ఉందట. పక్కవాళ్ళు నవ్వితే, "నా పెళ్ళాం మేధావి, ఊళ్ళన్నీ తెలుసుకుంతన్నాది" అన్నాడట.

మధ్యాహ్నం నన్ను లెమ్మని అత్త పెట్టె ముందు చతికిలబడింది. దానితో ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. "మీ కొడుకు నన్ను కొట్టలేదత్తా" అన్నాను.

"నాకు తెలీదేటే? నా పాలు తాగినోడు. ఆ బాధ ఎవురిదో కూడా తెలుసు. నువ్వు ఎల్లి పులుసు సూసుకో" అంది. ఆమె ఏం అడిగిందో నాకు వినబడలేదు. పొద్దు గూకేదాకా లేవలేదు.

బహుళ నవమి

పంచమి నాడు అడిగినవాటికి నిన్నటి నుంచీ వరసంతా కడియాల మోత. మీ ఇంటి సభ్యురాలు ఇల్లు విడిచే ఆలోచనలో ఉన్నట్టు తెలిసింది, మీ ఇంటి సభ్యురాలు ఇల్లు విడిచే ఆలోచనలో ఉన్నట్టు తెలిసింది. కోత ఆపేసి మగవాళ్ళు తెప్పల మీద ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. కొన్ని ఇళ్ళలో అరుపులు వినిపించాయి. ఒక ఇంట్లో కుండలు పగిలాయి. ఆ ఇంటికి మేమంతా కలిసి వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాం. అతను లేచి పనికి పోయేదాకా కదల్లేదు.

మా ఇంటికి మాత్రం కొత్త కబురు వచ్చింది. దానయ్య కడియానికే వచ్చింది, కానీ మా మామ పేరు మీద. మీ ఇంటి సభ్యురాలు సూరమ్మ ఇల్లు విడిచే ఆలోచనలో ఉన్నట్టు, అని. సూరమ్మ మా అత్త. మామ పోయి చాలా ఏళ్ళయింది.

"ఆయనకి సెప్పీండి, మంచిదే" అంది అత్త. "ఆయన ఎల్లిపోనాడు కదా ముందు. ఇప్పుడు నా వొంతు."

అమావాస్య

కూటమి. ఈసారి ఆడవాళ్ళు వెనక కూర్చోలేదు. ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. కోదండం పంచె మాసి ఉంది. వంట లేక చిక్కిపోయాడు. అలాంటివాణ్ణి చూస్తే జాలి పడాలంటారు. నాకు పడలేదు.

విఖ్యాత్ లెక్క చదివాడు. ఊళ్ళు చదువుతూనే ఉన్నాడు. కొండల మీది ఊళ్ళు, ఏటి పక్క ఊళ్ళు, మేము వినని ఊళ్ళు. రాజులప్ప ఊరు కూడా మధ్యలో ఎక్కడో వచ్చింది.  అతను ఆగకుండా తర్వాతి పేరుకు పోయాడు.

"ఇయ్యన్నీ ఎందుకు!" కోదండం లేచాడు. "అన్నిటికంటే ఎక్కువ ఏది? అది సెప్పు."

విఖ్యాత్ కాగితం తిప్పి చూశాడు. "చింతలరేవు" అన్నాడు. "మిగతా ఊళ్ళకు దీనికి పోలికే లేదు. అందరికంటే పైన ఇదే."

"ఎక్కడుంది? పడవ దిగాక ఎటు?" కోదండం అప్పుడే పంచె ఎగ్గట్టాడు.

విఖ్యాత్ తన పలకలో వెతికాడు. మళ్ళీ వెతికాడు. ఆ పేరుతో దారి ఏదీ రావడం లేదన్నాడు.

పక్కన కూర్చున్న గడ్డ ఉన్నామె భుజం పట్టుకుని మా అత్త లేచి నిలబడింది.

"అది నా పుట్టిల్లు బావూ. నాకు ఏడేళ్ళప్పుడు సముద్రం లోపలికి పోనాది." చేత్తో బల్లల కింద నీళ్ళ వైపు చూపించింది. "అదిగో, అక్కడే ఉంది కోదండం. దిగు. దిగి ఎతుక్కో."